కాగితం అంటించిన కిటికీ

ముప్పై మూడు.

టీచరమ్మ మళ్లీ కూడింది. మళ్లీ ముప్పై మూడే వచ్చింది. పాస్ కావాలంటే ముప్పై అయిదు రావాలి.

గోడ గడియారంలో మూడూ యాభై. అయిదింటికి వ్యాను వస్తుంది. ఆలోగా దిద్దిన పేపర్లన్నీ కట్టలు కట్టి, లక్కతో సీలు వేసి ఎక్కించాలి. సీలు పడ్డాక ఆ ముప్పై మూడుని మార్చడం ఎవరి వల్లా కాదు.

దిద్దడం మొదలుపెట్టి ఆరు రోజులైంది. హాల్లో పన్నెండు మంది టీచర్లు. ఒక్కొక్కరికి రోజుకి నలభై పేపర్లు. అన్నీ ఒకటే సబ్జెక్టు, భూమి, ఆకాశం. అవే ఇరవై ప్రశ్నలు. భూకంపాలు ఎందుకు వస్తాయి, రుతువులు ఎలా మారతాయి, గ్రహణం బొమ్మ గీయుము. రెండో రోజుకే చదవడం మానేసి చూడటం మొదలుపెట్టారు. ఆరో రోజుకి చూడటం కూడా తగ్గింది. చెయ్యి తనంతట తనే టిక్కులు పెడుతోంది. టీచరమ్మ మెడ ఒక పక్కకి పట్టేసింది. ఎర్ర సిరా చూపుడు వేలి మడతల్లోకి ఇంకిపోయింది.

బయట ఎండో మబ్బో లోపల తెలీదు. ఎవరూ తొంగి చూడకూడదని కిటికీలన్నిటికీ పాత న్యూస్‌పేపర్లు అంటించారు. ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్ సంచిలో ఉన్నాయి. హాల్లో వెలుగంటే ట్యూబులైట్లదే.

ఆమె ముందున్నది కట్టలో ఏడో నంబరు పేపరు. పేరుండదు, ఊరుండదు. చేతిరాత మాత్రం గట్టిగా, నొక్కి రాసినట్టు ఉంది. రెండు మార్కులూ పోయింది పదకొండో ప్రశ్నలో.

"చంద్రుడు రాత్రిపూట మాత్రమే కనిపిస్తాడు. ఒప్పా, తప్పా? కారణం రాయండి."

కీ పేపర్లో జవాబు స్పష్టంగా ఉంది. ఒప్పు. పగలు సూర్యకాంతి ఎక్కువ కాబట్టి చంద్రుడు కనిపించడు.

ఏడో నంబరు "తప్పు" అని రాసింది. అయిదు నిమిషాల కిందట ఆ మాట చూడగానే టీచరమ్మ సున్నా చుట్టి పేజీ తిప్పేసింది. కింద రాసిన కారణం చదవలేదు. ఇప్పుడు చదివింది.

"పొద్దున్న ఏడున్నరకి బస్సు కోసం నిలబడినప్పుడు నేను చూశాను. పడమటి వైపు, నీళ్ల ట్యాంకు మీద. తెల్లగా ఉన్నాడు. నాలుగు రోజులు చూశాను. రోజూ అదే టైముకి చూస్తే ట్యాంకు మీద నుంచి ఇంకొంచెం పైకి జరిగాడు, ఇంకొంచెం సన్నబడ్డాడు. అయిదో రోజు మబ్బు. పగలు సూర్యుడు ఉన్నా చంద్రుడి మీద కూడా అదే వెలుగు పడుతుంది కాబట్టి కనిపిస్తాడు."

టీచరమ్మ పెన్ను కింద పెట్టింది.

ఇది కల్పించి రాసేది కాదు. పౌర్ణమి దాటాక చంద్రుడు రోజూ ఆలస్యంగా అస్తమిస్తాడు. తెల్లారాక కూడా పడమట మిగిలి ఉంటాడు. రోజూ ఒకే టైముకి చూస్తే పైపైకి జరుగుతూ, సన్నబడుతూ పోతాడు. ఈ అమ్మాయో అబ్బాయో ఏ పుస్తకంలోనూ చూసి రాయలేదు. బస్‌స్టాపులో నిలబడి చూసి రాసింది.

ఆమెకి మాత్రం తెలియదా? తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఈ పాఠమే చెబుతోంది. పుస్తకం వెనక ఇదే ప్రశ్న ఉంటే "ఒప్పు" అని పిల్లల చేత తనే రాయించింది. తెలియక కాదు. ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు, అంతే.

పక్క సీటులో ఎక్స్‌ప్రెస్ ఉన్నాడు. కుర్ర మాస్టారు. గంటకి పది పేపర్లు దిద్దుతాడని ఆ పేరు పెట్టారు.

"ఏంటక్కా, ఇంజను ఆగిపోయింది?" అన్నాడు తలెత్తకుండా.

"తమ్ముడూ, పదకొండో ప్రశ్నకి కీ తప్పు."

"ఆరో రోజు సాయంత్రం నాలుక్కి తెలిసిందా నీకు?"

"నీకెప్పుడు తెలిసింది?"

అతను పెన్ను నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. "నాకింకా తెలీలేదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు."

ఆమె పేపరు అతని ముందుకు జరిపింది. అతను చదివాడు. మొహంలో నవ్వు పోయింది. తరవాత గొంతు తగ్గించాడు.

"దీనికెంత కావాలి? రెండేగా. గ్రహణం బొమ్మకి ఒకటి, భూకంపానికి ఒకటి కలిపెయ్. అడిగేవాడు ఉండడు. లక్క సారుకి చెప్పావనుకో, ముందు నీకే సీలు వేస్తాడు."

ఆమె గ్రహణం బొమ్మ చూసింది. ఏడో నంబరు భూమిని సూర్యుడికంటే పెద్దగా గీసింది. ఉన్న ఒక మార్కే ఎక్కువ. అయినా కలపొచ్చు. అయిదింటికి బస్సు దొరుకుతుంది. ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవచ్చు.

"కరెక్టు రాసినదానికి జాలి మార్కులేంటి తమ్ముడూ? పోనీ, దీనికి కలిపాననుకో. మిగతావాళ్లో?"

"మిగతావాళ్లు ఎవరు?"

"నేను కొట్టేసినవాళ్లు. నువ్వు కొట్టేసినవాళ్లు."

ఎక్స్‌ప్రెస్ తన కట్టల వైపు చూశాడు. ఆరు రోజుల కట్టలు. "అక్కా," అన్నాడు నీరసంగా, "నీకు దండం పెడతాను."

ఆమె అప్పటికే లేచింది.

లక్క సారు చీఫ్ ఎగ్జామినర్. హాలు చివర బల్ల దగ్గర కూర్చుంటాడు. ఎప్పుడు చూసినా చేతిలో లక్క కడ్డీ ఉంటుంది. రిటైర్మెంటు ఇంకో నాలుగు నెలలు. ఆయన పేపరు చదివి, కీ చదివి, మళ్లీ పేపరు చదివాడు.

"అమ్మా, కీ నేను రాయలేదు. మీరు రాయలేదు. హెడ్డాఫీసు నుంచి వచ్చింది. పుస్తకంలో కూడా అదే ఉంది."

"పుస్తకం తప్పు సార్."

"ఒక పిల్ల బస్‌స్టాపులో ఏదో చూశానంటే మూడు వేల పేపర్లు విప్పమంటారా? రుజువేదీ?"

టీచరమ్మ గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. అమావాస్య నల్ల చుక్క దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది రోజులు. చంద్రుడు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. తొమ్మిది యాభైలు నాలుగు వందల యాభై. ఏడున్నర గంటలు. అమావాస్యనాడు సూర్యుడితోపాటు ఆరింటికి లేచినవాడు ఇవాళ మధ్యాహ్నం ఒకటిన్నరకి లేచి ఉండాలి.

"రుజువు బయట ఉంది సార్. తూర్పున. సగం దాటి కొంచెం ఉబ్బి ఉంటాడు. రండి, చూపిస్తాను."

"సీలు పడేదాకా నేను హాలు దాటకూడదు. రూలు మీకు తెలుసు."

అప్పుడే వాచ్‌మన్ టీ కెటిలు పట్టుకుని లోపలికొచ్చాడు. టీచరమ్మ అతన్ని ఆపింది.

"బాబాయ్, బయట చంద్రుడు ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. ఇందాక గేటు మీదుండేవాడు, ఇప్పుడు పక్క మేడ మీదికెక్కాడు. ఏం, ఏమైనా పనా ఆయనతో?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. లక్క సారు నవ్వలేదు. "వాచ్‌మన్ మాట మీద కీ మార్చానని రాయమంటారా నన్ను?"

"అయితే కిటికీ కాగితం చింపుతాను."

హాలు మొత్తం పెన్నులు ఆగిపోయాయి. ఆ కాగితం చింపడమంటే మెమో. వచ్చే ఏడు పిలవరు. సర్వీసు రికార్డులో ఒక నల్ల గీత పడుతుంది.

లక్క సారు లక్క కడ్డీని బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు. "నేను వద్దంటున్నాను."

"మీరు వద్దన్నారని రాసుకోండి సార్. చింపింది నేనేనని కూడా రాయండి."

తూర్పు కిటికీ దగ్గరికి వెళ్లి గోటితో ఒక మూల లేపింది. ఎండిన మైదా జిగురు పెళుసుగా విరిగింది. జానెడు కాగితం ఊడి వచ్చింది. వంగి చూసింది.

గోడ. పక్క మేడ సిమెంటు గోడ. దాని మీద ఒక పైపు.

"ఏముందమ్మా?" అన్నాడు లక్క సారు వెనకనుంచి.

"గోడ సార్."

"ఇంక చాలా?"

ఆమె బెంచీ లాగింది. దాని మీదికి ఎక్కింది. ఉదయం నుంచి కూర్చున్న నడుము తిరగబడింది. ఎక్స్‌ప్రెస్ పరుగున వచ్చి బెంచీ పట్టుకున్నాడు. "పడితే నా మీద పడకక్కా, నాకింకా నాలుగు పేపర్లున్నాయి."

పై అద్దం మీది కాగితం చింపింది. నీలం. కొంచెం మబ్బు. మెడ పట్టేసిన వైపే తిప్పాల్సి వచ్చింది. తిప్పింది.

మేడ అంచుకి బెత్తెడు పైన ఉన్నాడు. తెల్లగా, సగం కంటే కాస్త ఎక్కువ. వెలుగున్న వైపు సూర్యుడి దిక్కుకి తిరిగి ఉంది.

ఆమె దిగి పక్కకి జరిగింది.

లక్క సారు లేచాడు. బెంచీ ఎక్కడానికి ఎక్స్‌ప్రెస్ భుజం ఆసరా తీసుకున్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు, మళ్లీ దించాడు. అలాగే నిలబడ్డాడు.

"ఇరవై ఏడేళ్ల నుంచి ఈ కాగితాలు నేనే అంటిస్తున్నాను," అన్నాడు చివరికి.

దిగి ఫోను దగ్గరికి వెళ్లాడు. హాల్లో ఉన్నది ఆ ఒక్క ల్యాండ్‌లైనే. హెడ్డాఫీసులో పెద్దాయన దొరకడానికి ఏడు నిమిషాలు పట్టింది. నాలుగూ ఇరవై రెండు.

"సార్, పదకొండో ప్రశ్న... అవును సార్, పుస్తకంలో ఉంది... లేదు సార్, పిల్లలు కాదు, నేను చూశాను... నిజమే, రుజువు కావాలి. మీరొకసారి బయటికి వెళ్లి తూర్పు వైపు చూడండి. నేను లైన్లో ఉంటాను."

ఆయన రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. పన్నెండు మంది ఆయన వైపే చూస్తున్నారు. టీ చల్లారిపోతోంది. ఎక్కడో ఓ హెడ్డాఫీసులో ఓ పెద్దాయన మెట్లు దిగుతున్నాడు. మూడు నిమిషాలు. నాలుగు.

"ఉన్నాను సార్," అన్నాడు లక్క సారు. విన్నాడు. "రెండిటికీనా? సరే సార్. ఆర్డరు కాగితం పంపండి."

రిసీవరు పెట్టేశాడు. గొంతులో గెలుపూ లేదు, కోపమూ లేదు. అలసట ఉంది.

"పుస్తకంలో ఉన్నది రాసినవాళ్లకి మార్కులు ఉంచాలి. తప్పు అని సరైన కారణం రాసినవాళ్లకీ వెయ్యాలి. ఆరు రోజుల కట్టలూ విప్పండి. వ్యాను ఆగుతుంది."

వెనక వరసలో ఒకావిడ టీచరమ్మని చూసి, "నీ పుణ్యమా అని ఇవాళ మా ఇంట్లో పస్తే," అంది. తిట్టే ఓపిక లేక తాడు ముడి విప్పడంలో పడింది.

టీచరమ్మ తన రెండు వందల నలభై పేపర్లూ ముందేసుకుంది. పదకొండో ప్రశ్న, తిప్పు, పదకొండో ప్రశ్న, తిప్పు. కొట్టేసినవి పంతొమ్మిది దొరికాయి. ఒకరు మిద్దె మీద బట్టలు ఆరేస్తూ చూశారు. ఒకరు ఫుట్‌బాల్ ఆడుతూ చూశారు. వాటిలో చాలావరకు పాసైన పేపర్లే. రెండు కలిపి, కూడి, సంతకం పెట్టింది.

మూడో రోజు కట్టలో ఒక పేపరు దగ్గర చెయ్యి ఆగింది. దాన్లో ముందు "తప్పు" అని రాసి ఉంది. కింద "నేను మా" అని రెండు మాటలు. వాటి మీద స్కేలుతో ఒకే గీత. పక్కన శుభ్రంగా, "ఒప్పు. పగలు సూర్యకాంతి ఎక్కువ కాబట్టి." ఫుల్‌స్టాపుతో సహా గైడులో ఉన్నట్టే.

దానికి రెండు మార్కులు అప్పుడే వేసేసింది. ఇప్పుడు చెయ్యడానికి ఏమీ లేదు. అయినా పేజీ తిప్పడానికి కొంచెంసేపు పట్టింది.

ఏడో నంబరు చివరికి ఉంచుకుంది. సున్నా కొట్టేసి రెండు వేసింది. ముప్పై మూడు కొట్టేసి ముప్పై అయిదు వేసింది. దిద్దిన చోట చీఫ్ సంతకం కావాలి. లక్క సారు పేపరు అందుకుని, అంకె చూసి, సంతకం పెట్టాడు.

"మీకు మెమో ఇవ్వక తప్పదమ్మా. కాగితం చింపారు."

"తెలుసు సార్."

"పై దాని గురించి మాత్రమే రాస్తాను. కింది కన్నంలోంచి గోడేగా కనిపించింది."

కొవ్వొత్తి మంటలో లక్క కరిగింది. ఎర్రని చుక్క తాడు ముడి మీద పడింది. ముద్ర నొక్కాడు.

ఏడుంబావుకి బయటికొచ్చారు. బస్సు పోయింది. తరవాతి దానికి నలభై నిమిషాలు. టీచరమ్మ గేటు పక్క అరుగు మీద చతికిలబడింది. ఎక్స్‌ప్రెస్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నడినెత్తికి వచ్చేశాడక్కా, చూడు."

"మెడ తిరగట్లేదు తమ్ముడూ," అంది ఆమె. "నువ్వు చూసి చెప్పు."