పొట్టేలు దాటిన రేవు

కొత్తల్లుడు ఏట్లో ఈత కొడతానన్నప్పుడు వెంకటరమణప్ప కాదనలేదు. మూడు నెలల అల్లుడికి కాదని చెప్పే నోరు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

2005 నవంబరు. కురబలకోట పక్క పల్లెల జనం జాతరకు పోయినట్టు ఏటిని చూసి వస్తున్న రోజులు. ఏళ్ల తరబడి ఇసుక తప్ప మరేమీ కనిపించని ఏరు వానలకు ఒడ్డులొరుసుకుని పారింది. వారం తర్వాత నెమ్మదించింది. ఆ వార్త పుంగనూరులో సెల్‌ఫోన్ల అంగడి నడిపే మురళీధర్ చెవిన పడింది. ఆదివారం పొద్దున్నే పెళ్లాన్ని స్కూటర్ ఎక్కించుకుని అత్తగారింటికి వచ్చేశాడు.

"పెళ్లిసూపుల్లో మా ఊరికి ఏరుండాదని గొప్పగా సెప్తిరే మామా," అన్నాడు కాళ్లు కడుక్కుంటూ. "వచ్చి సూస్తే ఇసుక. ఇన్నాళ్లకు మీ మాట నిజమాయ."

వెంకటరమణప్ప నవ్వాడు గానీ, లోపల అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాడు. పిల్లనిచ్చిన ఇంటికి వచ్చిన మనిషి వచ్చినట్టే తిరిగి వెళ్లాలి. ఏట్లో దిగే చోట్లు మూడు. బండ మడుగు దగ్గర నీళ్లు సుడి తిరుగుతాయి, అది వద్దు. వంతెన కింద ఇనుప చువ్వలు పొడుచుకొచ్చి ఉన్నాయి, అదీ వద్దు. మిగిలింది గొర్రెల రేవు. ఉన్ని కత్తిరించే ముందు మందను కడిగేది అక్కడే. ఆయన తండ్రి కడిగాడు, ఆయనా కడిగాడు. అడుగంతా చదునైన ఇసుక, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిచి పోవచ్చు.

అంతటితో ఊరుకోలేదు. అన్నం తిన్న కడుపుతో దిగకూడదన్నాడు. పైన మబ్బు పట్టిందేమోనని మిద్దె ఎక్కి చూసి వచ్చాడు. బావి మోకు భుజాన వేసుకున్నాడు. కొమ్ముల పొట్టేలును ముందు తోలుకుంటూ నడిచాడు.

"నాయన మనల్ని గూడా మందలో కలిపేసినాడు," అంది అమరావతి మొగుడితో.

పొట్టేలు ఎందుకో ఆమెకు తెలుసు. వాళ్ల ఇళ్లలో తాతల నాటి మాట ఒకటుంది: పొట్టేలు తల మునగని చోట మనిషి నడుము మునగదు. కొత్త నీళ్లు వచ్చినప్పుడల్లా ముందు పొట్టేలును దాటించి, ఆ తర్వాతే మనుషులు దిగుతారు. వెంకటరమణప్ప అదిలిస్తే పొట్టేలు నీళ్లలోకి దిగింది. వీపు అంచు వరకు మునిగింది. తల ఎక్కడా మునగకుండా అవతలి ఒడ్డెక్కి ఒళ్లు దులుపుకుంది.

ఇక మిగిలింది మోకు. దాని కొస పట్టుకుని ఆయన అల్లుడి దగ్గరికి వచ్చాడు. నడుముకు కట్టుకుంటే మంచిదని మెల్లగా చెప్పాడు.

మురళీధర్ మోకు వైపు, అవతలి ఒడ్డున మేస్తున్న పొట్టేలు వైపు చూశాడు. "నన్నేమన్నా బలికి తోల్కపోతాండారా మామా?"

అమరావతి నవ్వింది. నవ్వుతూనే వదిలేయమని తండ్రికి కళ్లతో సైగ చేసింది. కొత్తల్లుడి నడుముకు తాడు కట్టారని పుంగనూరులో తెలిస్తే ఏమనుకుంటారు? వెంకటరమణప్ప మోకు చుట్టి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

మురళీధర్ దిగాడు. మోకాలు. తొడలు. నడుము. అక్కడ వెనక్కి తిరిగి పెళ్లానికి చెయ్యి ఊపాడు. ఇంకో రెండడుగులు వేశాడు.

ఆ తర్వాత నీళ్ల మీద ఎవరూ లేరు.

అరుపు లేదు. చెయ్యి పైకి లేవలేదు. వెంకటరమణప్ప మోకు పారేసి దూకాడు. అల్లుడు నిలబడిన చోటు దాటగానే ఆయన కాళ్ల కింద నేల పోయింది. మునిగాడు, ఇంకా మునిగాడు, నేల తగలలేదు. చేతికి దొరికిందల్లా జారిపోయే ఇసుక గోడ. పైకి తేలి ఊపిరి పీల్చుకునేసరికి పక్కన అమరావతి చీర దోపుకుని మునుగుతోంది. చిన్నప్పుడు వీపుకు బెండు కట్టి ఆమెకు ఈత నేర్పింది ఆయనే.

నాలుగోసారి మునిగినప్పుడు అమరావతి చేతికి జుట్టు దొరికింది.

ఒడ్డున బోర్లా వేసి వీపు నొక్కారు. నీళ్లు వచ్చాయి. ఊపిరి రాలేదు. అటుగా పోతున్న జనం గుమిగూడారు. అప్పుడు తెలిసింది వెంకటరమణప్పకు. మేత లేక ఆయన మందను కుప్పం అడవుల వైపు తోలుకుపోయిన రెండు వేసవులూ ఇక్కడికి ట్రాక్టర్లు వచ్చాయట. రేవులో ఇసుకను ఇద్దరు మనుషుల లోతుకు తవ్వి ఎత్తుకుపోయాయట. ఊళ్లో సగం మంది ఆ ట్రాక్టర్లకు లోడెత్తిన వాళ్లే. నీళ్లే లేని ఏట్లో లోతు సంగతి ఎవరు ఎవరికి చెబుతారు?

కానీ పొట్టేలు చెప్పింది. నడిచే గొర్రె వీపు ఎగిరెగిరి పడుతుంది. ఈదే గొర్రె వీపు కదలకుండా జారిపోతుంది. నడి ఏట్లో దాని వీపు జారిపోవడం ఆయన చూశాడు. చూస్తూనే, తల మునగకపోవడాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నాడు.

"ఆడ లోతు లేదంటివే నాయనా," అంది అమరావతి. కోపంగా కాదు. దారి తప్పిన మనిషి దారి అడిగినట్టు అడిగింది.

మధ్యాహ్నానికి కబురు పుంగనూరు చేరింది. వియ్యంకుడు శంకరప్ప జీపులో బయలుదేరాడన్నారు. ఊరి పెద్దమనిషి గంగప్ప వెంకటరమణప్పను పక్కకు పిలిచాడు. వద్దంటున్నా వినకుండా బండ మడుగులో దూకినాడని చెబుదాం, ఊరంతా అదే మాట మీద ఉంటుంది అన్నాడు. పిల్ల బతుకు కోసమైనా ఆ మాట అనమన్నాడు.

జీపు వచ్చింది. శంకరప్ప కొడుకు పక్కన కూర్చుని తడిసిన చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టాడు. అన్నీ పెట్టాక తలెత్తాడు.

గంగప్ప నోరు తెరవబోయాడు. వెంకటరమణప్ప అడ్డుపడ్డాడు. "నేనే దిగమంటి. భయం లేదని నేనే సెప్తి."

కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండనుకున్నాడు.

శంకరప్ప గొంతు పెంచలేదు. "వానికి ఈత రాదప్పా. మోకాటి లోతు దాటి యానాడూ దిగలే. నీకు తెల్దా?"

వెంకటరమణప్ప తల అడ్డంగా ఊపాడు. మబ్బు చూశాడు, రేవు చూశాడు, పొట్టేలును చూశాడు. మగవాణ్ణి, అందులోనూ అల్లుణ్ణి, ఈత వచ్చా అని అడగడం మర్యాద కాదనుకున్నాడో, ఈత కొడతానన్నవాడికి ఈత వచ్చే ఉంటుందనుకున్నాడో, ఇప్పుడు ఆయనకే తెలియదు.

"ఒక్క మాట అడిగుంటే సాలు," అన్నాడు శంకరప్ప. "అడిగితే అబద్ధం సెప్పేవాడు కాదు. మామంటే వానికి గౌరవం."

శవాన్ని జీపు వెనక పడుకోబెట్టారు. అమరావతి మొగుడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జీపులో ఇంకొకరికి చోటుంది. ఎక్కమని ఎవరూ అనలేదు. వెంకటరమణప్ప తలుపు పట్టుకుని నిలబడ్డాడు. డ్రైవర్ ఆయన వేళ్లను ఒక్కొక్కటే విడదీసి తలుపు వేశాడు. జీపు పుంగనూరు వైపు తిరిగింది.