పుట్టింటి క్యారియర్

మా ఆయన మోకాలు కోసి తీసిన పదార్థాన్ని రాజమండ్రి డాక్టరుగారు సీసాలో పోసి చూపించారు. తడి సున్నంలా ఉంది.

"గౌట్ అండి. ఒంట్లో యూరిక్ యాసిడ్ పదేళ్ళుగా ఇలా సున్నంలా పేరుకుని, కీలుని పట్టి ఉంచే లిగమెంట్‌ని తినేసింది. అందుకే చెరువు గట్టు మీద కాలు జారగానే తెగింది. తొడ వెనక నుంచి టెండన్ తీసి కొత్తది కట్టాను. దాన్ని నిలబెట్టాల్సింది మాత్రం మీ వంటిల్లేనమ్మా" అన్నారు. రోజూ మాత్ర వెయ్యాలి. రొయ్యలు, కార్జం, మందు ముట్టకూడదు.

మాది భీమవరం దగ్గర రొయ్యల చెరువుల వ్యవసాయం. మేత వేళకి గట్టంతా మా ఆయన సత్యనారాయణరాజుగారు తనే తిరగాలి. "మళ్ళీ గట్టెక్కితే చాలు మాణిక్యం, ఇంకేం అడగను" అన్నారు నా చెయ్యి పట్టుకుని.

మా రాజుల ఇళ్ళలో పలకరింపుకి ఎవరూ వట్టి చేతులతో రారు. క్యారియర్ వస్తుంది. తిప్పి పంపితే మొహం మీద తలుపేసినట్టే. నేను వేశాను. ఆయన అక్కగారు పాపాయి వదిన తెచ్చిన రొయ్యల వేపుడు గుమ్మంలోంచే వెనక్కి పంపాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళింది. నాకు గర్వంగానే ఉంది, దాచడం ఎందుకు?

ఆరో నెలలో ఈయన కర్ర లేకుండా గట్టెక్కారు. ఆ వారమే మా అన్నయ్య శ్రీనివాసరాజు కార్జం వేపుడు, యానాం మందు సీసాతో దిగాడు. "ఆపరేషనయ్యాక ఇంకా ఈ మాత్రలేంటి బావా? ఒంట్లో బలం ఉండొద్దూ?" అన్నాడు. అమ్మ తన చేత్తో వండిందట. తిప్పి పంపడానికి నాకు చెయ్యి రాలేదు. నేనే వడ్డించాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం క్యారియర్ వచ్చింది, ప్రతి ఆదివారం వడ్డించాను. మాత్రల డబ్బా ఖాళీ అయ్యాక కొత్తది ఎందుకు తేలేదని కూడా అడగలేదు.

రెండేళ్ళు తిరక్కుండానే మోకాలు ఎర్రగా పొంగింది, కాలు నిలబడలేదు. స్కానింగులో చూస్తే కొత్త లిగమెంట్ నిండా అదే సున్నం. ఈసారి కత్తి పట్టనన్నారు డాక్టరుగారు. నావైపు ఒక్కసారి చూశారు, అంతే.

ఇప్పుడు ఈయన వరండాలో కుర్చీకే అంకితం. గట్టు మీద జీతగాళ్ళు తిరుగుతున్నారు.

నిన్న పాపాయి వదిన వచ్చింది, వట్టి చేతులతో. "ఏం తేలేదమ్మా. నీకు ఇష్టం ఉండదుగా" అంది. అంతలోనే అన్నయ్య జీపు ఆగింది. చేతిలో క్యారియర్. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చెరువులో పారేస్తాను దాన్ని!" అని లేచాను.

"ఇప్పుడా?" అన్నారు ఈయన, నావైపు చూడకుండానే. "వడ్డించు మాణిక్యం. అక్కయ్యకి కూడా పెట్టు. తన కూర వెనక్కి పంపిన గుమ్మంలోంచి నీ పుట్టింటి కూర ఎలా లోపలికొచ్చిందో రుచి చూడనీ."

వడ్డించాను. వదిన ముట్టలేదు. ఈయన గిన్నె ఖాళీ చేసి, ఇంకాస్త వెయ్యమన్నారు.