మాగ్నోలియా మెడ చుట్టూ బండలు

“చెట్టుకి రోగమేం లేదు. దానికి పట్టిన రోగం మీరిద్దరే!”

మొక్కలత్త గేటు దగ్గరే నిలబడి అరిచింది. వీధిలో ఇరవై ఇళ్ల తోటలు చూసే మనిషి. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మొక్కలత్తే. ఎదురుగా రిటైరైన ఇంజినీరు, ఆయన భార్య. మధ్యలో పన్నెండేళ్ల మాగ్నోలియా చెట్టు, సగం ఆకులు పసుపు తిరిగి. దాన్ని కొట్టేయడానికి రంపం మనిషి మధ్యాహ్నం వస్తున్నాడు.

ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు ఆకు రాల్చదని ఇంజినీరు నమ్మకం. ఎందుకు రాల్చదు? పాతది రాలుతుంది, కొత్తది వస్తుంది. కింది కొమ్మలు నేలను తాకేవి కాబట్టి ఆ చాటున చెట్టే తన చెత్త దాచుకుంది. ఇన్నేళ్లూ ఆయన కంట పడలేదు.

ఇల్లాలికి చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చోవాలనిపించింది. మొక్కలత్త రెండు నెలలు ఊళ్లో లేని సమయం చూసి ఆయన కింది కొమ్మలన్నీ నరికించాడు. మర్నాటి నుంచి చెప్పు అట్టల్లాంటి ఆకులు వాకిలంతా. ఊడ్చి ఊడ్చి ఇల్లాలి నడుము పట్టేసింది. ఊడ్పు తేలికవుతుందని ఆయన చెట్టు మొదలు దాకా బండలు పరిపించి, సందుల్లో సిమెంటు పూయించాడు. పైపైనే పాకే వేళ్లకు గాలీ నీళ్లూ అందక చెట్టు రెట్టింపు ఆకులు రాల్చింది. ఇంత తెలివి డిగ్రీ లేనివాళ్లకు రాదు.

“పన్నెండేళ్లు చూసింది నువ్వే కదత్తా? నీ ఎరువులోనే ఏదో తేడా ఉంది,” అన్నాడాయన.

“పీక నులిమేసి, అన్నం పడలేదంటారా ఇంజినీరు బాబూ?”

“అంత నున్నగా పరిపించాం, చూడు,” అంది ఇల్లాలు నొచ్చుకుని.

“సమాధి కూడా నున్నగానే ఉంటుందమ్మా.”

ఇల్లాలికి నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి మింగేసింది.

మొక్కలత్త ఒక రెమ్మ వంచి గోటితో గీరింది. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంది. ఇద్దరూ వంగి చూశారు.

“నరికిన కొమ్మలు మళ్లీ వస్తాయా?” ఆయన గొంతు తగ్గింది.

“ఆ అందం పోయినట్టే. ప్రాణం మాత్రం ఇంకా ఉంది. ముందు రంపం వాడికి ఫోన్ చేసి రావద్దనండి. రెండు గడ్డపారలు తెప్పించండి, ఒకటి నాకు, ఒకటి మీకు. ఈ పూటే బండలన్నీ లేవాలి, వేరుకి దెబ్బ తగలకుండా! రాలిన ఆకులు ఒక్కటీ పారెయ్యొద్దమ్మా, అన్నీ కిందే పరిచి తడపాలి. ఊఁ, కదలండి!”