చట్రం మీద కూర్చున్న బరువు

చట్రం కాలికి మొదటి బోల్టు పెడుతుండగా, భూమ్మీద వదిలేసి వచ్చిన నా బరువు వచ్చి ఆ చట్రం మీదే కూర్చుంటుంది.

దానికి సూటు లేదు, తాడు లేదు. నా పాత పసుపు చుడీదారు వేసుకుంది. బస్సు కోసం చూస్తున్నదానిలా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. అది కూర్చున్నచోట అంతరిక్ష స్టేషన్ బయటి గోడ కొంచెం సొట్టపోయింది.

“లే. పని ఉంది,” అంటాను.

“నీకెప్పుడూ పనే. నువ్వు రావట్లేదని నేనే వచ్చా. రాకెట్టు ఎగిరిన చోట ఎన్నాళ్లని కూచోమంటావ్? కుక్కలు కూడా పలకరించడం మానేశాయ్.”

ఎల్లుండి కొత్త సోలార్ పలకలు వస్తాయి. వాటిని నిలబెట్టే చట్రం ఈ పూటే బిగించాలి. పాత పలకల కరెంటు చాలక స్టేషన్ లోపల సగం దీపాలు ఇప్పటికే ఆర్పేశాం. ఈ సంగతి బరువుకు చెబుతాను. అది ఆవలిస్తుంది.

చట్రం రెండో కాలు పట్టుకుని ఉన్న చిట్టిబాబు గారు పక్కకు వంగి చూస్తారు. నాకంటే చాలాసార్లు బయటికి వచ్చిన మనిషి.

“ఎవరమ్మా తాయారూ?”

“నా బరువండీ.”

“అలాగా. తాడు కట్టావా మరి?”

బయట మా పద్ధతి అది. ఒక కొక్కెం తగిలించాకే ఇంకోటి తీయాలి. పానా దగ్గర్నుంచి మనిషి దాకా దేన్నీ విడిగా వదలకూడదు. నాకున్న రెండు తాళ్లలో ఒకటి తీసి బరువు నడుముకు కడతాను.

“మెల్లిగా కట్టవే, చక్కిలిగింత,” అంటుంది.

పానా తిప్పుతాను. బోల్టు తిరగదు, నేను తిరుగుతాను. కాలు ఆనకపోతే ఇక్కడ అంతే. మళ్లీ తిప్పుతాను. భూమి నా తల మీదుగా వెళ్లి కాళ్ల కిందికి వస్తుంది.

“ఒక్క బోల్టు బిగించడం రాదు గానీ, అంతరిక్షం అంట,” అంటుంది బరువు.

“సాయం చెయ్యొచ్చుగా!”

“అడగొచ్చుగా!”

అడుగుతాను. అది దిగి వచ్చి నా పాదాల మీద నిలబడుతుంది. బోల్టు బుద్ధిగా లోపలికి దిగుతుంది. దాని వెనకే మిగతావి. ఆఖరిది బిగిసేసరికి నా కాళ్లు తేలిపోతాయి. చూస్తే బరువు నా పాదాల మీంచి జారి చట్రానికీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. చుడీదారు అంచు మాత్రం బయటికి కనిపిస్తోంది.

“చెప్పొచ్చుగా!”

“చెబుతూనే ఉన్నా. నువ్వు పన్లో ఉన్నావ్.”

“విప్పనా అండీ?” అని చిట్టిబాబు గారిని అడుగుతాను. “వచ్చే నెల కిందికి దిగాలి. ఇది లేకపోతే నేల మీద నిలబడలేను.”

ఆయన చట్రాన్ని ఊపి చూస్తారు. “భలే బిగిసిందమ్మా,” అంటారు, మెచ్చుకోలుగా.

ఒళ్లు మండుతుంది. పానా వెనక్కి తిప్పుతాను. బోల్టు కదలదు. నేనే తిరుగుతాను. మళ్లీ భూమి, మళ్లీ చిట్టిబాబు గారు, మళ్లీ భూమి.

“ఇప్పుడు అడిగినా లాభం లేదు,” అంటుంది బరువు, చట్రం కింద నుంచి.

నన్ను నేను ఆపుకునేసరికి భూమి మీంచి ఏవో బారులు తీరి పైకి వస్తుంటాయి. నా అడుగుజాడలు. వాటిని నేలకు అదిమి ఉంచేది ఇప్పుడు కింద ఏదీ లేదు. శిక్షణ కేంద్రం సిమెంటు గచ్చు మీదివి ముందు వస్తాయి, హాస్టల్ మెట్లవి వాటి వెనక, మా బడి దారిలో బురదవి ఆఖర్న. అన్నీ వచ్చి స్టేషన్ తలుపు దగ్గర తోసుకుంటాయి.

“కాళ్లు కడుక్కుని రమ్మనమ్మా, లోపల ఇప్పుడే తుడిచాం,” అంటారు చిట్టిబాబు గారు.

“అవే కాళ్లండీ.”

“అయితే మరీ కడుక్కోవాలి.”

అన్నిటికంటే చిన్న అడుగు వరసలో ఆగదు. బురద ఇంకా ఆరలేదు. నా బూటు మీదికి ఎక్కి, మడమ అటూ ఇటూ జరిపి సర్దుకుంటుంది. బూటు వెంట్రుకవాసి కిందికి దిగుతుంది.

అది గట్టిగా నిలబడిందని చూసుకున్నాకే, నన్ను పట్టి ఉంచిన రెండో తాడు కూడా తీసి దానికి కడతాను. తలుపు దగ్గరున్న అడుగులన్నీ ఇటు తిరిగి, ఒకదాని మీద ఒకటి, నా మోకాళ్ల దాకా ఎక్కడం మొదలుపెడతాయి.