కుందుర్పికి రెండింతల నీళ్లు

అన్నం తెచ్చిన నల్లమ్మ ఆఫీసు వరండాలోనే కూతురి వాడిన ముఖం చూసింది. చేతిలోని క్యారియర్ కింద పెట్టకుండానే అడిగింది.

"ఏమైందే గౌతమీ? పని తీసేసినారా?"

"గమ్మునుండమ్మా. ఇంకా తీసేయలేదు."

కళ్యాణదుర్గంలో నీళ్ల ట్యాంకర్ల పని చూసే ఆ ఆఫీసులో గౌతమిది టెంపరరీ ఉద్యోగం. ఒక్కో మండలానికి ఒక్కో డేటాబేసు. అన్నీ ఒకేచోట కనబడాలన్నాడు ఆఫీసరు వీరప్ప. అందుకే గౌతమి డైనమిక్ ఎస్‌క్యూఎల్‌తో ఒక ప్రోగ్రాము రాసింది. సర్వర్‌లో ఉన్న డేటాబేసుల పేర్లు అదే చదువుకుంటుంది, అన్నిటినీ కలిపి చూపించే వ్యూకి కావలసిన ఆదేశం అదే కూర్చుకుంటుంది. పొద్దున వీరప్ప ఆ వ్యూ చూసి, "కుందుర్పికి ఇన్ని ట్యాంకర్లు పోతాండాయా? సగం కంబదూరుకు మళ్లించండప్పా!" అన్నాడు.

తప్పెక్కడుందో గౌతమికి ఇప్పుడే తెలిసింది. మొన్న ఆయుధపూజకు కంప్యూటర్లకు పసుపు కుంకుమలు పూశారు. ఆ పొడి లోపలికి పోయి మిషను చెడుతుందేమోనని ఆమె ముందుగానే నకళ్లు తీయబోయింది. కుందుర్పి ఒక్కటి పూర్తయ్యేసరికి పూజారి వచ్చేశాడు. ఆ నకలు సర్వర్‌లోనే ఉండిపోయింది. దాన్నీ ఒక మండలమే అనుకుని వ్యూ కలిపేసుకుంది, కుందుర్పి లెక్క రెండింతలు చూపించింది.

"నకలు తీసుకోమని నువ్వే గదా ప్రాణం తీస్తివి!"

"చెడిపోతే నీ మీదేస్తారని చెప్తిని. ఇప్పుడేం చేస్తావే?"

"సారుకు చెప్తా."

"వద్దే తల్లీ! గమ్మున తుడిచెయ్. రేపటికి సరైపోతాది."

"ఈ పొద్దు కుందుర్పోళ్లు ఏం తాగల్లమ్మా?"

గౌతమి లోపలికి పోయింది. వీరప్ప అరుపులు వినబడ్డాయి. కూతురిని పట్టుకుపోయే పోలీసు జీపు నల్లమ్మ కళ్లముందు మెదిలింది. అంతలో బయట, కంబదూరుకు మళ్లించిన ట్యాంకరు స్టార్టయిన చప్పుడు. ఏమనుకుందో ఏమో, క్యారియర్‌తోనే ఉరికి బండికి అడ్డంగా నిలబడింది.

"ఏమక్కా, చావాలనుండాదా?" అని కేకేశాడు డ్రైవరు తిప్పయ్య.

"కంబదూరుకు పోవద్దప్పా. కుందుర్పికి పో."

"చెప్పేదానికి నువ్వెవరు?"

కిటికీలోంచి వీరప్ప తల బయటపెట్టాడు. "తిప్పయ్యా! ఆయమ్మ చెప్పినట్ల పో!"

నల్లమ్మ కదల్లేదు. "సారూ, మా పాప పనిలో ఉంటాదా?"

"ముందు ఆ నకలు తీసేసి, నా ముందర ఆ ప్రోగ్రాము మళ్లా నడిపించనీమ్మా!"

అది అవునో కాదో నల్లమ్మకు అంతుపట్టలేదు. హారను మోగింది. పక్కకు జరిగి దారిచ్చింది.