మల్బరీ బెరడు

ముహైయో తెల్లవారకముందే కాలవ గట్టున మల్బరీ కొమ్మలు నరకడం మొదలుపెట్టింది. పట్టుపురుగులు కుబుసం విడిచే చివరి నిద్ర లేచాయి. ఇక గూడు కట్టేదాకా వాటి నోరు ఆగదు. ఇంట్లో మంచి గది వాటికిచ్చి మనుషులు వసారాలో పడుకుంటున్నారు. ఆ గదిలో ఎవరూ గొంతు పెంచకూడదు, పురుగు బెదిరితే మేత మానేస్తుందని ఆ ఫెర్గానా లోయంతా నమ్మకం. నెల్లాళ్ళ చాకిరీ ఆడవాళ్ళది, గూళ్ళు అమ్మే రోజున మీసం దువ్వేది మగవాళ్ళు. పెళ్ళికి ముందు ముహైయో ఊరి బడిలో వృక్షశాస్త్రం చెప్పేది. "మనుషులకి చెప్పింది చాల్లే, ఇక పురుగులకి చెప్పుకో పాఠాలు" అన్నాడు మొగుడు ఎర్గాష్, కాపురానికొచ్చిన మొదటి వసంతంలోనే. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే తనమీద తనకే ఒళ్ళు మండుతుంది.

రేపు కూతురు నఫోసత్‌కి ఫెర్గానా పట్నంలో కాలేజీ ప్రవేశ పరీక్ష. నెగ్గితే అక్కడే హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు, ఈ కొంపలోంచి బయటపడొచ్చు. మేత వేస్తూనే తల్లీకూతుళ్ళు గుసగుసగా పాఠం చెప్పుకుంటున్నారు.

"ఆకు వండిన అన్నం వేరుకెలా చేరుతుంది?"

"బెరడు లోపలి పొరలోంచి కిందికి దిగుతుంది. నీళ్ళేమో కట్టెలోంచి పైకెక్కుతాయి."

"చెట్టు చుట్టూ బెరడు ఒలిచేస్తే?"

నఫోసత్ నోరు తెరిచేలోగా ఎర్గాష్ వచ్చి జడ పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. "పరీక్షా లేదు గిరీక్షా లేదు. పురుగులకి మేతెవరేస్తారు, మీ తాతా?" అంటూ చెంప పగలగొట్టాడు. అడ్డం వచ్చిన ముహైయోని మల్బరీ బెత్తం విరిగేదాకా బాదాడు. అది విరిగితే ఆమె నరికి తెచ్చిన మోపులోంచే ఇంకోటి లాగాడు. ఆమె పెదవి చిట్లి నెత్తురు కారింది.

అత్త ఖోలిదా పురుగుల గది తలుపు దగ్గరగా వేస్తూ, "చప్పుడు కాకుండా కొట్టరా, పాపం బెదురుతాయి" అంది.

దెబ్బలకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది ముహైయోకి. అత్త నోరు చెడ్డదైనా మనసు మంచిదని ఇన్నాళ్ళూ తనకు తాను సర్దిచెప్పుకుంది మరి.

అతను చాయ్‌ఖానాకి వెళ్ళిపోయాక, నఫోసత్ వాచిన మొహంతో తల్లి వీపు మీద తడిగుడ్డ అద్దుతూ ఆగిపోయిన జవాబు చెప్పింది. "నీళ్ళు ఎక్కుతూనే ఉంటాయి కాబట్టి ఆకులు పచ్చగానే కనిపిస్తాయమ్మా. వేళ్ళు మాత్రం ఆకలితో చస్తాయి. చూసేవాళ్ళకి చాలాకాలం తెలీదు."

ముహైయో లేచి కత్తి తీసుకుంది. గట్టు మీద ఒక్కో చెట్టుకూ మొదలు దగ్గర చుట్టూరా జానెడు బెరడు ఒలిచేసింది. తెల్లటి కట్టె తడితడిగా బయటపడుతుంటే, ఇవేం పాపం చేశాయని మనసు పీకింది. చెయ్యి మాత్రం ఆగలేదు.

"మోపులు కట్టడానికి నారా, కోడలా?" అంది ఖోలిదా గుమ్మంలోంచి.

"అవునత్తయ్యా."

ఎర్గాష్ తిరిగొచ్చాడు. రైతుబిడ్డ కదా, చూడగానే అర్థమైంది. బెత్తం ఎత్తి బూతులు తిడుతూ మీదికొచ్చాడు. ముహైయో కత్తి దించలేదు. ఆ ఊళ్ళో ఆడది మొగుడి పేరు పలకదు. ఆమె పలికింది, కాలవ అవతలి వాళ్ళు కూడా పని ఆపి చూసేంత గట్టిగా.

"ఎర్గాష్! వచ్చే వసంతానికి ఈ చెట్లుండవు, నీ పురుగులుండవు. మేం అందాకా కూడా ఆగం. నఫోసత్, చెప్పులేసుకో."