ఇంకో అత్తగారు

మా ఇంటి దూలాల మీద కొండచిలువ ఉంటుంది. కర్రపెండలం పిండి బస్తాల జోలికి ఎలుకలు రాకుండా మా ఏటి పక్క ఇళ్ళల్లో చాలామంది పెంచుకుంటారు. దానికి అందరూ పెట్టుకున్న పేరు అత్తగారు. పైన కూర్చుని అంతా చూస్తుంది, తిన్నాక కదలదు, అందుకట. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, వాడి నోరు పడిపోను! మా ఆయన జురందిర్‌కి మాత్రం ఆ వేళాకోళమంటే ప్రాణం. "నల్వా, మీ అమ్మ ఇవాళ కుబుసం విడిచింది చూడు," అని నన్ను ఉడికిస్తూ ఉంటాడు.

మా అసలు అమ్మ ఒటసీలియా ఏటికి దిగువన, నీళ్ళలో కర్రల మీద కట్టిన గుడిసెలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయిన దగ్గర్నుంచి నాకు ఒకటే బెంగ. వాన కురిస్తే బెంగ, కురవకపోతే బెంగ. తీసుకొచ్చేద్దామయ్యా అని నేనంటే, చూద్దాంలే అని ఆయన ఊయలలో అటు తిరిగి పడుకునేవాడు.

ఆ రోజు పిండి అమ్మడానికి జురందిర్ కమెటా పట్నంలో ఉన్నాడు. చేపముక్కా అసాయీ పళ్ళ గుజ్జూ తిని నేను ఊయలలో వాలాను. మా వైపు మధ్యాహ్నాలు అలాగే ఉంటాయి. ఎటు పోవాలో మరిచిపోయినట్టు ఏరు నిలబడిపోతుంది. నేలచెక్కల సందుల్లోంచి నీటి వెలుగు పైకొచ్చి దూలాల మీద ఆడుతుంది. కదిలేది అత్తగారి ఒళ్ళో, ఆ వెలుగో చెప్పలేం. నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో తేలుతున్నాను. ఫోన్లు పలకని మా రేవులకు రేడియోలో కబుర్లు చదివే అమ్మాయే దిక్కు. ఆ గొంతు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది. ఎవరికో కొడుకు పుట్టాడు. ఎవరికో మందులు పంపారు.

"జురందిర్ నుంచి భార్య నల్వాకి. ఇంకో అత్తగారిని కూడా ఇంటికి తెమ్మంటావా? పడవతో కబురంపు."

దిగ్గున లేచి కూర్చున్నాను. ఒక అత్తగారు దూలం మీదుంది. ఇంకో అత్తగారంటే మా అమ్మే కదా! నేరుగా చెప్పడానికి నామోషీ అయి, పెద్దమనిషి వేళాకోళంలో చుట్టి చెప్పాడు. ఆయన మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో! కూర్చున్నచోటే ఏడ్చేశాను.

సాయంత్రం పట్నం వెళ్ళే పడవ రాగానే రేవులోంచి అరిచాను. "ఎలీజియో! మా ఆయనతో చెప్పు, తప్పకుండా తెమ్మన్నానని. గది తుడిచి ఉంచుతానని కూడా చెప్పు."

"అత్తగారికి గది కూడానా! నీ మొగుడి పని అయిపోయింది పో!" అని పడవ నడిపే ఎలీజియో పగలబడి నవ్వాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. దారిపొడుగునా అన్ని రేవుల్లోనూ చెప్పే ఉంటాడు.

మర్నాడు గదంతా కడిగి, కిటికీ పక్కన అమ్మకి ఊయల కట్టాను. గాలి ఎలా వస్తుందో చూద్దామని అందులో పడుకుంటే అమ్మ పక్కనే పడుకున్నట్టుంది. ఆవిడ కోసే చేపల వాసన కూడా వచ్చింది నాకు.

పొద్దు వాలుతుండగా మా పడవ వచ్చింది. జురందిర్ ఒక్కడే దిగాడు. చేతిలో గుడ్డసంచి. లోపల ఏదో మెల్లగా మెలి తిరుగుతోంది.

"ఇదిగోనే, కొత్త అత్తగారు! పిల్లది, మహా చురుకు. మన ముసల్ది ఎలుకల్ని చూసి కూడా కదలడం లేదుగా. అవునూ, పాముకి గదెందుకే?"

పడవలోకి తొంగిచూశాను. "మా అమ్మేది?"

"మీ అమ్మా? వాళ్ళ రేవులో కూర్చునుంది. మంచి గౌను వేసుకుని, పక్కన మూట, ఒళ్ళో కోడీ. ఎక్కడికో ప్రయాణంలా ఉంది. నన్ను చూసి చెయ్యూపింది. నేనూ ఊపి వచ్చేశా..."

మాట పూర్తికాకుండానే ఆయన మొహం మారిపోయింది. అమ్మ గుడిసెలోనూ రేడియో ఉంది. ఎలీజియో పడవ ఆ రేవులోనూ ఆగుతుంది.

"నువ్వు అడిగింది పాము గురించా?" అన్నాను. "నీ వేళాకోళం మండిపోను! ఈ ఇంట్లోకి ఇంకొకరు వస్తే మా అమ్మే రావాలి. కాదంటావా, ఆ సంచి పట్టుకుని నువ్వూ పో!"

ఆయన సంచితోనే మళ్ళీ పడవెక్కాడు, వెనకే నేనూ ఎక్కాను. అసాయీ చెట్లు నీటి మీదికి వంగిన మలుపులో పడవ ఆపి, సంచి మూతి విప్పి గట్టు మీద పెట్టాడు. పిల్లపాము కాసేపు తల ఎత్తి చూసి చెట్ల వేళ్ళ మధ్యకి జారిపోయింది. "బోనో గీనో పెట్టుకుందాంలే ఎలుకలకి," అన్నాడు నా వైపు చూడకుండా.

ఆకాశమూ నీళ్ళూ ఒకే రంగులోకి వచ్చేశాయి. పడవ దేని మీద పోతోందో తెలియలేదు. అమ్మ ఇంకా కూర్చునే ఉంటుందా, లోపలికి వెళ్ళిపోయి ఉంటుందా అని ముందుకు వంగి చూస్తూనే ఉన్నాను.

అమ్మ రేవులోనే ఉంది. ఒళ్ళో కోడి నిద్రపోతోంది. జురందిర్ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి తల వంచుకుని నిలబడ్డాడు. "తప్పయిపోయింది," అన్నాడు.

"తప్పేముంది బాబూ," అంది అమ్మ మూట అందిస్తూ. "నువ్వు చెయ్యూపి వెళ్ళిపోతే, గది తుడవడం ఇంకా అయ్యుండదులే అనుకున్నాను."